జంటలు కుదరని తొట్టి

“సంతకం పెట్టను. వేళ్ళు విరిచినా పెట్టను.”

తూ పెయ్-యూ కాగితాన్ని బల్ల అవతలికి తోసేసింది. అది జారుకుంటూ వెళ్ళి కెప్టెన్ చువాంగ్ టీ గ్లాసుకు తగిలి ఆగింది. రాత్రంతా కునుకు లేక ఆమె కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. గొంతు మాత్రం ఒక్క మెట్టు కూడా దిగలేదు.

ఎదురుగా కూర్చున్న కో షూ-లాన్‌కి ఆ గొంతు నచ్చింది. ఇరవై ఏళ్ళు బీమా కంపెనీలో పనిచేసి, కాలిపోయిన గోదాములూ మునిగిపోయిన పడవలూ ఎవరి పుణ్యమో ఆరా తీసి, ఆ తర్వాత ఈ కావ్‌షుంగ్ రేవుపట్నంలోనే సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరుచుకున్న మనిషి ఆమె. కన్నీళ్ళు చూస్తే ఆమెకు ముందు అనుమానం వస్తుంది. తిట్లు వింటే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటుంది. పొద్దున పెయ్-యూ తల్లి ఆఫీసుకొచ్చి, “మా అమ్మాయికి నోరెక్కువ. చెయ్యి మాత్రం చీమ మీద కూడా లేవదు” అన్నప్పుడు ఈ కేసు ఒప్పుకుంది.

“మంచి క్లయింటు దొరికింది మీకు, కో మేడమ్,” అన్నాడు చువాంగ్ గోడకు ఆనుకుని. వయసులో ఆమెకంటే పదేళ్ళు చిన్న. గర్వంలో ఎవరికీ తీసిపోడు. “నాలుగింటికి ఈవిణ్ణి బండెక్కించి ప్రాసిక్యూటర్ దగ్గరికి పంపుతున్నాను. అటునుంచి కోర్టు, అటునుంచి జైలు. ఆ లోపల మీ ముచ్చట్లేవో కానివ్వండి.”

“మీ దగ్గరేముందో ముందు మీరు చెప్పండి.”

“ఏం లేదని అడగండి. సోమవారం సాయంత్రం విందుశాలలో పనివాళ్ళందరూ చూస్తుండగా ఈవిడ దాని యజమాని యెన్ చిన్-ఫా మీద ఒంటికాలి మీద లేచింది. మంగళవారం తెల్లారేసరికి ఈవిడ బండి సముద్రం ఒడ్డున అలల కట్ట మీద ఉంది. పొద్దెక్కాక అదే కట్ట కింద యెన్ శవం దొరికింది. ఊపిరితిత్తుల నిండా ఉప్పునీళ్ళు. రేవులో నూనె తేలే మురికినీళ్ళు కావు, కట్ట బయట దొరికే తేటనీళ్ళు. సరిగ్గా ఈవిడ బండి ఆగిన చోటి నీళ్ళు.”

“నేను ప్రతి మంగళవారం అక్కడే ఉంటాను!” పెయ్-యూ బల్ల మీద చరిచింది. “పోటు మీద నీళ్ళు పట్టుకోవడానికి! ఉప్పునీటి తొట్టెలు చూసుకునే వాళ్ళు ఈ ఊళ్ళో ఎవరైనా అక్కడే పట్టుకుంటారు. రేవు నీళ్ళు పోస్తే పగడాలు మూడోపూట చూడవు. నేను హంతకురాలినైతే వాళ్ళందరూ హంతకులే. తీసుకురండి, అందర్నీ లైన్లో నిలబెట్టండి!”

“చూశారా నోరు?” అన్నాడు చువాంగ్.

కో అతని వైపు తిరగలేదు. “పెయ్-యూ, సోమవారం గొడవ దేని గురించి?”

“చేప గురించి అక్కా. ఒక్క చేప గురించి.”

చువాంగ్ నవ్వాడు. కో నవ్వలేదు. “మొదట్నుంచి చెప్పు. విందుశాల తొట్టిలోకి ఏయే చేపల్ని ఎంచావు, ఎందుకు ఎంచావు?”

ఆ ప్రశ్న వినగానే పెయ్-యూ ముఖం మారింది. తిట్లు పక్కన పెట్టి, పెళ్ళిచూపుల కబుర్లు చెప్పే పెద్దమ్మలా ముందుకు వంగింది.

“అంత పెద్ద తొట్టి కదా, ఏం వేసినా పడుంటాయి అనుకుంటారు అందరూ. ఉండవక్కా. సముద్రంలో ఒకదానికొకటి పడకపోతే పారిపోవచ్చు. ఇక్కడ పారిపోయే దారి లేదు. అందుకే ముందు సాధువుల్ని వదలాలి. అవి రాళ్ళ సందుల్లో తమ చోటు చూసుకుని కుదురుకున్నాకే పెంకివాటిని దించాలి. జోకరు చేపలున్నాయి చూడు, నారింజ రంగు, తెల్ల పట్టీలు. వాటిలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తెచ్చాను. పెద్దది పెళ్ళాం, చిన్నది మొగుడు. రెండూ పెద్దవే తెచ్చామనుకో, రెండూ ఆడవే. ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి.”

“ఇంకా?”

“గులాబీ చేపలకు ఊదారంగు మగాడు ఒక్కడు చాలు, మిగతావన్నీ ఆడవి. పట్టుచేపలని ఉంటాయి, నీలం మీద పచ్చ చారలతో, రాళ్ళ మీద పాకుతూ తిరుగుతాయి. అవి ఒక మగ, ఒక ఆడ. మగదానికి వీపు మీద పొడుగాటి రెక్క లేచి ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. రెండు మగవి వేస్తే నోటితో నోరు పట్టుకుని చంపుకుంటాయి. నాలుగు నెలలు పట్టిందక్కా అన్నీ కుదరడానికి. ఒక్కదాని రెక్క కూడా చిరగలేదు.”

“మరి గొడవెందుకు?”

“సోమవారం యజమాని ఎవరో స్నేహితుడిచ్చాడని పెట్టె చేప అనేదాన్ని సంచీలో తెచ్చాడు. పసుపు రంగు, నల్లచుక్కలు, పాచికలా నలుచదరంగా ఉంటుంది. చూడ్డానికి బొమ్మలా ఉంటుంది గానీ దాన్ని బెదరగొడితే ఒంట్లోంచి విషం వదులుతుంది. తొట్టిలో ఒక్క చేప మిగలదు. పెళ్ళిళ్ళకొచ్చిన పిల్లలు అద్దం మీద బాదుతూనే ఉంటారు, నేను వెయ్యనన్నాను. ఆయన వినలేదు. తనే వెనకగది మెట్లెక్కి వదిలాడు. అన్నీ చచ్చి తేలాక నా గుమ్మం తొక్కొద్దని అరిచి, తలుపు ధడాలున వేసి వచ్చేశాను. అది బతికున్న మనిషిని అన్న మాట అక్కా. చంపేవాళ్ళు అందరి ముందూ అరిచి మరీ చంపుతారా?”

“చేపల కాపురాలు అయిపోయాయా?” అన్నాడు చువాంగ్. “పొద్దున విలేకరులకి కూడా చెప్పేశాను కేసు తేలిపోయిందని.”

“తొందరపడ్డారు,” అంది కో లేస్తూ. “నాలుగింటిదాకా టైముంది కదా.”

*

యెన్ విందుశాల తలుపు మీద చావు జరిగిన ఇంటి తెల్లకాగితం అంటించి ఉంది. కో స్కూటర్ గోడకు ఆనించి లోపలికి వెళ్ళేసరికి ముందు హాల్లో అగరొత్తుల పొగ కమ్ముకుని ఉంది. చిన్న బల్ల మీద పళ్ళూ, పూలూ, యెన్ చిన్-ఫా నిండు నవ్వుతో దిగిన ఫొటో. మణికట్టుకు గంధపు పూసల దండ.

“రండక్కా, కూర్చోండి. టీ పోస్తాను.” చేతులు తుడుచుకుంటూ వచ్చాడు హుంగ్ మావ్-షెంగ్. చనిపోయినాయన భార్యకు తమ్ముడు. వంటిల్లూ, గుమ్మం పక్కన బతికున్న చేపలూ పీతలూ ఉంచే గాజు గదులూ అన్నీ అతని చేతికిందే. బొద్దుగా, నవ్వుముఖంతో, ఎవరినైనా మొదటిసారే చుట్టరికం కలిపి పిలిచే రకం. “కెప్టెన్ గారు చెప్పారు మీరొస్తారని. ఆ పిల్ల తరఫునట కదా. అయినా ఇంటికొచ్చిన మనిషి మనిషే.”

“ఆ పూసలు ఎప్పుడూ వేసుకునేవారా?”

“బావా? స్నానం చేసినా తియ్యడు. గుడిలో పూజ చేయించి తెచ్చుకున్నవి. సముద్రం బావతో పాటు వాటినీ తీసుకుపోయింది.” కళ్ళు ఒత్తుకున్నాడు. ఒత్తుకోవడం బాగానే ఉంది, తడి మాత్రం కనపడలేదు.

హాలు మధ్య గోడంతా తొట్టే. పగడపు కొమ్మలు నీటిలో ఊగుతున్నాయి. పక్కనే ఒక నిలువు పోస్టరు, ఈ తొట్టి కుదిరిన కొత్తలో అచ్చువేసింది. అదే తొట్టి, అవే రకాల చేపలు. కో పోస్టరునూ తొట్టినీ మార్చి మార్చి చూసింది.

పోస్టరులో జోకరు చేపల జంట. పెద్దదాని పొట్టకు ఆనుకుని దానిలో సగం లేని చిన్నది. తొట్టిలోనూ జోకరు చేపలు రెండున్నాయి. రెండూ అరచెయ్యంత ఉన్నాయి. ఒకదాని రెక్క పీలికలై వేలాడుతోంది, రెండోది మళ్ళీ మళ్ళీ వచ్చి అక్కడే కొరుకుతోంది. కింద రాతి మీద పట్టుచేపలు రెండు నోళ్ళు కలిపి పెనుగులాడుతున్నాయి. రెండింటి వీపు మీదా పొడుగాటి రెక్క లేచి ఉంది. గులాబీ చేపలన్నీ ఊదారంగు మగవే. ఆడది మచ్చుకైనా లేదు. ఒకదాన్నొకటి తరుముకుంటూ తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు పరుగులు పెడుతున్నాయి. పోస్టరులో ఒక్కటే ఉన్న పలచటి పసుపు చేప కూడా ఇక్కడ జంటే, రెండూ తోకల దగ్గర ముళ్ళు విప్పుకుని ఎదురెదురుగా ఉన్నాయి.

ఉన్నవన్నీ ఏపుగా, కొట్టొచ్చే రంగులతో, పెళ్ళివాళ్ళు ఫొటో దిగడానికి తగ్గట్టుగా ఉన్నాయి. ఏ ఒక్కటీ ప్రశాంతంగా లేదు. కో అద్దానికి ఇంకా దగ్గరగా జరిగి మూలమూలా వెతికింది. నల్లచుక్కల పెట్టె చేప ఎక్కడా కనిపించలేదు.

చిరిగిన రెక్క ముక్క ఒకటి పైకి తేలింది. అది మెల్లగా కొట్టుకుపోతూ తొట్టి మూలనున్న దువ్వెనలాంటి అంచు మీదుగా పొర్లి మాయమైంది. కాసేపటికి ఇంకో ముక్క కూడా అదే దారి పట్టింది. కో ఆ మూలను చూసుకుంది, దాని వెనకున్న సన్నటి తలుపును కూడా చూసుకుంది.

“పొద్దస్తమానం ఇదే గోల అక్కా,” అన్నాడు హుంగ్ టీ అందిస్తూ. “ఆ పిల్ల తెచ్చిన సరుకు ఇది. పనితనం చూడండి. మా బావ ఊరుకుంటాడా? అడిగాడు. అందుకే చంపేసింది.”

“టీ బాగుంది,” అంది కో. “ఇంటికి పీతలు పట్టుకెళ్దామనుకుంటున్నాను. ఈ పరిస్థితుల్లో అమ్ముతారో లేదో.”

“అమ్మడమేంటి? మీకు ఊరికే ఇస్తాను. వంటిల్లు మూసి ఉంది, ఎవరో ఒకరు తినాలి కదా.” హుంగ్ ముఖం వెలిగింది. గాజు గది దగ్గరికి వెళ్ళి చొక్కా చేతులు మడిచాడు. ఎన్ని కావాలని అడగలేదు, ఎలాంటివి కావాలని అడగలేదు. అన్నిటికంటే పెద్దదాన్ని తీశాడు. దానికి సరిజోడుగా ఇంకో పెద్దదాన్ని వెతికి తీశాడు. రెండింటినీ గడ్డితాడుతో కట్టి సంచీలో పెట్టాడు.

“ఒకటి చాలేమో?” అంది కో.

“ఒంటి పీతను ఇంటికి పంపుతామా అక్కా? ఏదైనా జంటే. అందులోనూ పెద్దవే. మనింటికొచ్చిన వాళ్ళకి పిల్లపీతను చేతిలో పెట్టడం మా ఇంటావంటా లేదు. పదిహేనేళ్ళుగా పెళ్ళివిందులకు ఇలాగే ఎంచుతున్నాను. నా చేత్తో తీసింది ఎప్పుడైనా తక్కువైందని ఎవరైనా అన్నారేమో అడగండి.”

“అనరు,” అంది కో సంచీ అందుకుంటూ. “మీ చెయ్యి ఎక్కడున్నా తెలిసిపోతుంది.”

*

చువాంగ్ వచ్చేసరికి మూడున్నర దాటింది. హుంగ్ ఫోన్ చేసి పిలిచాడని వాలకం చూస్తేనే తెలుస్తోంది. ఒక్కడే వచ్చాడు, నడుముకు తుపాకీ లేదు, ముఖాన విసుగు మాత్రం దండిగా ఉంది.

“మైలపడిన ఇంట్లో చొరబడి పీతలు అడుగుతున్నారట. ఇంకా నయం, వండిపెట్టమనలేదు.”

“మీకూ ఒకటిస్తాను, రండి ఇలా,” అంది కో. “ఈ తొట్టిని చూడండి. పెయ్-యూ పొద్దున మీ ముందే చెప్పింది. జోకరు చేపలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పట్టుచేపలు ఒక మగ, ఒక ఆడ. గులాబీ చేపలకు ఒక్క మగాడు. పోస్టరులో అలాగే ఉన్నాయి. తొట్టిలో ఉన్నాయా?”

చువాంగ్ పోస్టరు వైపు ఒకసారి, తొట్టి వైపు ఒకసారి చూశాడు. “పెరిగి ఉంటాయి.”

“మగాడికి గడ్డం పెరిగినట్టు ఆడచేపలకు రాత్రికి రాత్రి వీపు మీద రెక్క మొలిచిందా?”

“అయితే ఆవిడ అబద్ధం చెప్పిందన్నమాట. చేపల్ని ఎంచడం కూడా రాదు. ఇందులో మీకు కొత్తగా ఏం కనిపించిందో నాకర్థం కావడం లేదు.”

“ఇవి నాలుగు నెలలు ఈ తొట్టిలో ఇలా కొట్టుకుంటే ఒక్కటైనా మిగిలేదా? రెండు మూడు రోజుల గాయాలు కెప్టెన్ ఇవి. ఈ వారమే వచ్చిన చేపలు ఇవి. ఎవరో ఈ పోస్టరును పట్టుకెళ్ళి, ఇందులో ఉన్న రకాలన్నీ కొన్నారు. రకం చూశారు, కాపురం చూడలేదు. పెళ్ళివిందుకు ఎంచినట్టు అన్నిటికంటే పెద్దవి, జంటలు జంటలుగా ఎంచారు.” కో పీతల సంచీని టీ బల్ల మీద పెట్టి మూతి విప్పింది. “ఇదిగో, ఇలా.”

హుంగ్ నవ్వు సగంలో ఆగింది. “అక్కా, పీతలిచ్చిన పాపానికి నన్ను చేపల దొంగను చేస్తారా?”

“పెట్టె చేప ఏది తమ్ముడూ?”

“ఏ పెట్టె చేప?”

“సోమవారం మీ బావ వదిలింది. దాని గురించేగా గొడవ. మీ పనివాళ్ళందరూ చూశామని కెప్టెన్‌కి చెప్పారు. మీ బావ వదిలిన చేప తొట్టిలో లేదు. ఏమైంది?”

“అదా...” హుంగ్ ఒక్క క్షణం నీళ్ళు నమిలాడు. “చచ్చిపోయింది. మంగళవారం పొద్దున చూస్తే తేలుతోంది. తీసి పారేశాను.”

“మిగతావి?”

“మిగతావన్నీ బాగానే ఉన్నాయి. అదొక్కటే చచ్చింది.”

“పెట్టె చేప ఒంటరిగా చావదు.” కో గొంతు పెంచలేదు. “అది చచ్చిందంటే విషం వదిలే చస్తుంది. ఆ తొట్టిలో అది తేలిన పొద్దున ఇంకేదీ ఈదుతూ ఉండదు. మంగళవారం పొద్దున మీరొచ్చి చూసేసరికి అన్నీ చచ్చి తేలుతున్నాయి. పనివాళ్ళొచ్చేలోగా తొట్టి నీళ్ళు మార్చారు. మీకు సముద్రపు నీళ్ళ ట్యాంకరు రోజూ వస్తుంది, అదేం కష్టం కాదు. పోస్టరు చూసి చేపలన్నీ మళ్ళీ కొన్నారు. ఒక్క పెట్టె చేపను మాత్రం కొనలేదు. అదేం చేస్తుందో కళ్ళారా చూసినవాడు మళ్ళీ దాన్ని తెచ్చి వేస్తాడా?”

హుంగ్ చువాంగ్ వైపు చూశాడు. చువాంగ్ తొట్టి వైపు చూస్తున్నాడు.

“కొన్నాను,” అన్నాడు హుంగ్ చివరికి. “చేపలు చచ్చాయి, కొన్నాను. బావ అంత్యక్రియలకు ఊరంతా వస్తుంది. ఖాళీ తొట్టిని చూపించి పరువు తీసుకోమంటారా? అది నేరమా కెప్టెన్?”

“నేరం కాదు,” అన్నాడు చువాంగ్. ఊపిరి మళ్ళీ అందినట్టు కో వైపు తిరిగాడు. “విన్నారా? చేపలు మారాయి, సరే. ఒప్పుకున్నాడు. యెన్ అద్దం మీద బాది ఉంటాడు, లేదా ఎవరి పిల్లలో బెదరగొట్టి ఉంటారు. దానికీ అలల కట్ట కింద దొరికిన శవానికీ సంబంధం ఏమిటి? మనిషి చచ్చింది సముద్రంలో.”

“ఉప్పునీళ్ళలో చచ్చాడు. కట్ట దగ్గరి తేటనీళ్ళు అన్నారు మీరు. సోమవారం ఈ తొట్టిలో ఉన్నవి ఎక్కడి నీళ్ళు? ప్రతి మంగళవారం పెయ్-యూ ఎక్కడి నుంచి పట్టుకొచ్చి పోస్తుంది?”

చువాంగ్ కళ్ళు ఆమె మీంచి తొట్టిలోని నీళ్ళ మీదికి మళ్ళాయి.

“ఆ చేప పిల్లల వల్ల బెదరలేదు. సోమవారం రాత్రి ఇక్కడ పెళ్ళి లేదు, విందు లేదు. వెనకగది మెట్ల మీద నించుని తన కొత్త చేపను చూసుకుంటున్న మనిషి తలను ఎవరో నీళ్ళలోకి వంచి నొక్కారు. ఆయన కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. నీళ్ళన్నీ అల్లకల్లోలమయ్యాయి. అంతకంటే ఆ చేపను బెదరగొట్టే మార్గం ఇంకేముంది? మంగళవారం పెయ్-యూ అక్కడికి వస్తుందని తెలిసే శవాన్ని తీసుకెళ్ళి ఆ కట్ట కింద పడేశారు.”

“కథ బాగుంది,” అన్నాడు చువాంగ్. గొంతులో మునుపటి పొగరు తగ్గినా పట్టు వదల్లేదు. “కోర్టులో చేపల్ని బోనెక్కిస్తారా? నాకు కంటికి కనపడేది కావాలి. నాలుగింటికి పది నిమిషాలుంది. నా వాళ్ళు బండి సిద్ధం చేసుకుంటున్నారు.”

“అయితే ఆ పది నిమిషాలు నావి.” కో ఆ మూల సన్నటి తలుపు వైపు నడిచింది.

“అక్కడికి వెళ్ళడానికి లేదు!” హుంగ్ అరిచాడు. “అది మా ప్రైవేటు గది. కెప్టెన్, ఆపండి ఆవిణ్ణి!”

“కో మేడమ్, సోదా వారెంటు లేదు. అడుగు పెడితే మిమ్మల్ని అరెస్టు చెయ్యాల్సి వస్తుంది.”

“చెయ్యండి. బేడీలు తెచ్చారా? లేకపోతే తెప్పించుకోండి, ఈ లోపల నేను పని కానిస్తాను.” తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. చువాంగ్ ఒక బూతుమాట అనుకుని వెనకే పరిగెత్తాడు.

వెనకగది నడవలా పొడుగ్గా, ఒక మనిషి పట్టేంత సన్నగా ఉంది. ఒక పక్క తొట్టి వెన్ను, దాని అంచు దాకా ఎక్కడానికి మూడు ఇనుప మెట్లు. మెట్ల కింద గొట్టాలు, పంపులు, మూత పెట్టిన చిన్న తొట్టి ఒకటి.

“పై తొట్టిలో తేలేవన్నీ ఆ మూల అంచు మీదుగా పొర్లి ఎక్కడికో పోతున్నాయి,” అంది కో మోకాళ్ళ మీద కూర్చుంటూ. “ఇందాక హాల్లోంచి చూశాను. నీళ్ళు మార్చినవాడు పై తొట్టినే మార్చాడు. అతనికి తొట్టి అంటే అద్దంలో కనిపించేదే. కింద ఇంకోటి ఉందని వంటవాడికి తెలియదు. తెలిసిన మనిషిని మీరు లాకప్పులో పెట్టారు.”

“చాలు, లేవండి,” అన్నాడు చువాంగ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి.

ఆమె ఆ చేతిని విదిలించి మూత తీసింది. పైనుంచి దిగే గొట్టం నోటికి పొడుగాటి తెల్ల గుడ్డసంచీ ఒకటి తగిలించి ఉంది. నీళ్ళు అందులోంచి వడకట్టుకుని కిందికి దిగుతున్నాయి. పెయ్-యూ ఈ మంగళవారం వచ్చి ఉంటే దీన్ని మార్చి ఉతికేది. రాలేదు కాబట్టి సంచీ జిగటగా, బరువుగా వేలాడుతోంది. కో దాన్ని ఊడదీసి, తిరగేసి మూత మీద దులిపింది.

చేపల రెక్కల పీలికలు, నాచు, ఇసుక, నెరిసిన వెంట్రుకలు రెండు మూడు. వాటి మధ్య చిన్న చిన్న పూసలు. నానిపోయి నల్లబడినా గంధపు వాసన ఇంకా పోలేదు. తెగిన ఎర్రదారం ఒక పూసకు అలాగే చుట్టుకుని ఉంది.

చువాంగ్ చెయ్యి ఆమె భుజం మీంచి జారిపోయింది. వంగి ఒక పూసను వేళ్ళ మధ్యకు తీసుకున్నాడు. దాని మీద గుడి పేరు చెక్కి ఉంది. యెన్ భార్య స్టేషన్‌లో ఏడుస్తూ చెప్పిన పేరు అదే. శవం ఒంటి మీద దండ ఎందుకు లేదని అప్పుడు ఆమె అడిగితే, అలలకు కొట్టుకుపోయిందమ్మా అని అతనే సర్దిచెప్పాడు.

“గంధం ఉప్పునీళ్ళలో తేలే చెక్క,” అంది కో. “తేలింది. తేలినవన్నీ ఇక్కడికే వస్తాయి. కంటికి కనపడేది అడిగారు కదా, కనపడుతోందా?”

అతను జవాబు చెప్పే లోపలే తలుపు మూసుకున్న చప్పుడైంది. ఆ వెంటనే గడియ పడింది, బయటినుంచి కాదు, లోపలినుంచి.

హుంగ్ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. వంటింట్లో పెద్ద చేపల వెన్ను చీల్చే పొడుగాటి కత్తి అతని చేతిలో ఉంది. ముఖంలో నవ్వు లేదు, ఏడుపు లేదు. అలసిపోయిన మనిషిలా ఉన్నాడు.

“పదిహేనేళ్ళు ఆ పొయ్యి ముందు నించున్నాను అక్కా. బావ ఒక్క మాటతో తీసేస్తానన్నాడు. కొత్త సంవత్సరానికి వంటిల్లు ఇంకెవరికో అప్పజెప్తాడట. గాజు గదులన్నీ పీకించి అక్కడ కూడా ఇలాంటి తొట్టెలే కట్టిస్తాడట. తినే చేపకు విలువ లేదు, చూసే చేపకు ఉందట. ఆ మాట కూడా నావైపు తిరిగి అనలేదు, నీళ్ళలోకి చూస్తూ అన్నాడు.” అతను కత్తిని రెండో చేతికి మార్చుకున్నాడు. “ఆ సంచీ ఇటివ్వండి.”

“ఇవ్వను,” అంది కో.

“మీకేం ఒరుగుతుంది దాంతో? ఆ పిల్ల మీకేమన్నా చుట్టమా?”

“కాదు. ఏం చెయ్యని మనిషిని జైల్లో వేస్తే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. అంతే. నువ్వు కత్తి తెచ్చినా, ఈయన బేడీలు తెచ్చినా నా జవాబు ఒక్కటే.”

చువాంగ్ ఆమెకూ కత్తికీ మధ్య నిలబడి ఉన్నాడు. ఆ సన్నటి గదిలో పక్కకు తప్పుకోవడానికి చోటు లేదు. తుపాకీ స్టేషన్ బీరువాలో ఉంది. చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు.

“కింద పెట్టండి కెప్టెన్,” అన్నాడు హుంగ్ ఒక అడుగు ముందుకేసి. “మీతో నాకు గొడవ లేదు. మీరు పొద్దున విలేకరులకి చెప్పేశారు కదా. అలాగే ఉండనివ్వండి. పూసలు పారేద్దాం. మీ కేసు మీదే, నా వంటిల్లు నాదే.”

కో చువాంగ్ వైపు చూసింది. ఆ మాటలో ఉన్న ఎర చిన్నది కాదు. విలేకరుల ముందు చెప్పిన మాట వెనక్కి తీసుకోవడమంటే ఈ మనిషికి ప్రాణం పోయినంత పని. అతని మెడ మీద చెమట కారడం ఆమెకు కనిపిస్తోంది. ఒక్క ఫోనుకే సమయముంది, హుంగ్ రెండోది చెయ్యనివ్వడు.

“సాయం కోసం ఫోన్ తర్వాత చెయ్యొచ్చు,” అంది ఆమె మెల్లగా, అతనికి మాత్రమే వినపడేలా. “ముందు టైము చూడండి.”

చువాంగ్ గడియారం చూశాడు. నాలుగు కావస్తోంది. హుంగ్ కళ్ళలోకి సూటిగా చూస్తూ బొటనవేలితో నంబరు నొక్కి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“నేను చువాంగ్‌ని. తూ పెయ్-యూని బండెక్కించకండి. ఎక్కించి ఉంటే దించండి. ఆవిడ ఎవర్నీ చంపలేదు, తప్పు నాది. చంపినవాడు ఇక్కడ నా ఎదురుగా ఉన్నాడు, కత్తి పట్టుకుని.”

కో తడిసిన సంచీని గుండెకు అదుముకుని మెట్ల మీదికి వెనక్కి అడుగు వేసింది. హుంగ్ ముందుకు దూకాడు.